ఫిర్యాదులో కలిపిన పేరు

నల్లకోటు మేకుకు తగిలించి ఇంట్లో కూర్చున్నా పని నన్ను వదల్లేదు. మొన్న గురజాల బార్‌లో కొత్తగా చేరిన లాయరు పిల్లలు కొందరు నరసరావుపేటలో మా ఇంటికొచ్చి, క్రాస్ ఎగ్జామినేషన్ గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారు. అది కాగితం మీద వచ్చే విద్య కాదు, వెళ్ళి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోండి, ఫ్యాను కింద చోటు కోసం మాత్రం కొట్టుకోకండి అని చెప్పి పంపించేశాను. వాళ్ళు వెళ్ళాక ఆలోచనలో పడ్డాను. అవతలి సాక్షిని ఎలా పడగొట్టాలో అందరూ నేర్పుతారు. మన గదిలో మన కక్షిదారుతోనే పట్టాల్సిన కుస్తీ గురించి ఎవరూ చెప్పరు. నా బలంలో సగం ఆ కుస్తీకే ఖర్చయింది. అందుకని దాని గురించే రాస్తున్నాను.

మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు అసలు రాయను. ఆ ఊరివాళ్ళు చదివితే ఎలాగూ గుర్తుపడతారు, నాతో పోట్లాటకు వస్తే కాఫీ ఇస్తాను.

మావాళ్ళ అలవాటు

ఎక్కడైనా కొట్లాట జరిగితే దెబ్బలు తిన్నవాళ్ళు ముందు ఆసుపత్రికి పోతారు. పల్నాడులో మావాళ్ళు గాయానికి గుడ్డ కట్టుకుని ముందు అరుగు మీద కూర్చుంటారు. ఫిర్యాదులో ఎవరెవరి పేర్లు రాయించాలో అక్కడ తేలాలి. కొట్టినవాళ్ళ పేర్లు ఎలాగూ ఉంటాయి. వాటి వెంట వాళ్ళ అన్నదమ్ముల పేర్లు చేరతాయి. అవతలి వర్గంలో కేసు నడిపించగల పెద్దమనిషి పేరు చేరుతుంది. ఆ ఇంట్లో ఉద్యోగం కోసం పరీక్షలు రాస్తున్న కుర్రాడుంటే వాడి పేరు తప్పనిసరి, కేసుంటే ఉద్యోగం రాదు కదా. ఇది అబద్ధమని ఎవరూ అనుకోరు. దీనికి మావాళ్ళు పెట్టుకున్న మాట "పేరు కలపటం". పప్పులో ఉప్పు కలిపినంత మామూలుగా అంటారు ఆ మాటను.

నేను జూనియర్‌గా చేరింది రాఘవయ్యగారి దగ్గర. నేను చేరిన మొదట్లో ఆయన చేతికి వచ్చిన పెద్ద కేసుల్లో ఒకటి, పొలంలో మోటారు దగ్గర నరికి చంపిన ఒక రైతుది. చంపింది ఇద్దరు. భార్య కళ్ళారా చూసింది. ఫిర్యాదులో మాత్రం ఒక బజారుకు బజారే ఉంది. ఆ బజారువాళ్ళలో ఒకాయన ఆ పూట గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకుని మంచం మీద పడి ఉన్నాడు. అవతలి లాయరు ఆ డాక్టర్ని తీసుకొచ్చి బోనులో నిలబెట్టాడు. ఇక చెప్పేదేముంది? ఒక పేరు అబద్ధమైతే ఏ పేరు నిజమో మేమెలా చెప్పగలం అంటూ కోర్టు అందర్నీ వదిలేసింది.

బయటికొచ్చాక ఆ భార్య రాఘవయ్యగారిని ఒకటే అడిగింది. "చంపింది ఇద్దరే గదయ్యా. మిగతావోళ్ళను పంపితే పంపారు, ఆ ఇద్దర్నన్నా ఉంచకూడదా?" ఆయన బస్సులో తిరిగొస్తూ నాతో అన్నారు: "నీ కక్షిదారు కలిపిన ప్రతి పేరూ అవతలి లాయరుకు నువ్వు వడ్డించే భోజనం." బస్సు కుదుపుల మధ్యలో అన్నా నాకు బాగా వినపడింది.

రాఘవయ్యగారి ప్రశ్న

ఆయన గురించి మంచే రాస్తే అబద్ధమవుతుంది. నోరు మంచిది కాదు. జూనియర్ల మీద ఫైళ్ళు విసిరేవారు. ఆడపిల్లవి క్రిమినల్ కేసులెందుకు, విడాకులు చూసుకో అని నన్ను ఏడాది పాటు సతాయించారు. నేను వినకపోయేసరికి విసిగి పని నేర్పడం మొదలుపెట్టారు. నాకు ఏం వచ్చినా ఆయన విసుగు పుణ్యమే.

ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉండేది. సాక్షి ఎవరైనా సరే, ఎంత కథ చెప్పినా సరే, అంతా విని చివర్లో అడిగేవారు: "అప్పుడు నీ చేతుల్లో ఏముంది?" ఏం చూశావని అడిగితే ఊరంతా నేర్పిన పాఠం అప్పజెపుతారు. చేతుల సంగతి ఎవరూ నేర్పరు. నిజంగా అక్కడున్న మనిషి తడుముకోకుండా చెబుతాడు. పలుపుతాడు అంటాడు, పిల్లాడి చెయ్యి అంటాడు. ఒకసారి ఒకాయన, బావి దగ్గర నిలబడి హత్య మొత్తం చూశానని ఊపిరి సలపకుండా చెప్పుకొచ్చాడు. చేతుల్లో ఏముందయ్యా అని రాఘవయ్యగారు అడగ్గానే "టీ గ్లాసండీ" అనేశాడు. టీ బంకు ఊరికి అటు చివర, బావి ఇటు చివర. పాపం, ఆయనకే నవ్వొచ్చింది. మర్నాటి నుంచి సాక్షిగా రానన్నాడు.

అవతలివాళ్ళు అడగక ముందే మీరు అడగండి. నేను ఈ వృత్తిలో నేర్చుకున్న వాటిలో పనికొచ్చిన మొదటిది అదే.

కాలువ చివరి ఊరు

ఇక అసలు సంగతికి వస్తాను. సాగర్ కాలువ చివరి ఊళ్ళకు నీళ్ళు రావడం ఎప్పుడూ ఆఖరే. ఆ ఏడు అసలు రాలేదు. మిరప చేలు ఎండిపోతున్నాయి, మంచినీళ్ళ చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. ఆడామగా బిందెలు తీసుకుని మెయిన్ రోడ్డు మీద, మూడు దారుల కూడలిలో కూర్చున్నారు. మా ప్రాంతంలో రాస్తారోకో కొత్త కాదు. ఎవరో ఒక అధికారి వస్తాడు, చూస్తామంటాడు, లేచి ఇంటికి పోతారు. ఆ రోజు అధికారి రాలేదు. ఎస్సై వచ్చాడు. ఇరువైపులా బండ్లు ఆగిపోయాయి, వెనక ఎవరో పెద్దవాళ్ళ కారు కూడా ఇరుక్కుందని అంటారు. మాటా మాటా పెరిగింది. లాఠీలు లేచాయి. జనం లేచి పరుగెత్తబోతుండగా కాల్పులు జరిగాయి. ఇద్దరు చనిపోయారు. ఒకరు కౌలు రైతు కోటయ్య, రెండో మనిషి ట్రాక్టరు డ్రైవరు ఏసుబాబు.

పోలీసులు తమ కేసు తాము రాసుకున్నారు. జనం రాళ్ళు రువ్వి చంపబోతే ప్రాణరక్షణ కోసం కాల్చామన్నారు. కుప్పగా రాళ్ళు చూపించారు. రాళ్ళు రువ్వినవాళ్ళలో మొదటి ముద్దాయి ఏసుబాబు, రెండో ముద్దాయి కోటయ్య. చనిపోయినవాళ్ళను ముందు పెట్టడం తెలివైన పని. ఎందుకంటే చట్టం ప్రకారం చనిపోయినవాడి మీద కేసు దానంతటదే ఆగిపోతుంది. ఆగిపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు. ఆగిపోయిన కేసులో మనిషి ఎప్పటికీ ముద్దాయిగానే మిగిలిపోతాడు.

ఏసుబాబు తల్లి మరియమ్మకు ఇదొక్కటే పట్టుకుంది. ఆమె మిరప చేలల్లో కూలికి పోయే మనిషి. ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. నా దగ్గరికొచ్చిన మొదటి రోజు జైలు గురించి గానీ, పరిహారం గురించి గానీ అడగలేదు. "మావోడి పేరు ముద్దాయిల్లోంచి తీపియ్యాల లాయరమ్మా. వాడు రాయి ముట్టుకోలా. ఆ పేరు అట్టా ఉంటే నాకు నిద్ర పట్టదు" అంది. దానికి దారి ఒక్కటే. పోలీసుల మీద కుటుంబాలే కోర్టులో కేసు పెట్టాలి, ఆ కేసులో కోర్టు నమ్మి, వీళ్ళ చేతుల్లో ఏమీ లేదని తీర్పులో రాయాలి.

కేసు అప్పటికే పెట్టారు. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే కోటయ్య అన్న వీరాంజనేయులు ఒక లాయరును పట్టుకుని నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో వేశాడు. ఆ లాయరు గారికి ఉన్నట్టుండి ఆరోగ్యం పాడైంది, అంతకు మించి నేనేమీ అనను. అలా ఆ ఫైలు నా దగ్గరికి వచ్చింది. సాక్షులు మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాల్సిన దశలో వచ్చింది.

చదవగానే ఒక పేరు దగ్గర నా వేలు ఆగింది. ఎస్సై ఉన్నాడు, అతనితో పాటు కాల్చిన కానిస్టేబుళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళ పై అధికారి ఉన్నాడు. చివర్లో బ్రహ్మయ్య అనే హెడ్ కానిస్టేబులు ఉన్నాడు. తుపాకీతో కాల్చెను అని రాశారు. బ్రహ్మయ్యది అదే ఊరు. పక్క స్టేషన్లో పనిచేస్తూ ఆ రోజు బందోబస్తుకు వచ్చాడు. అతని ఇంటివాళ్ళు వీరాంజనేయులికి ఎదుటి వర్గం. నాకు ఆపరేషను చేయించుకుని మంచం మీద పడున్న పెద్దమనిషి గుర్తొచ్చాడు.

వీరాంజనేయులును పిలిచి అడిగాను. మంచి రైతు, మాటంటే మాట మీద నిలబడే మనిషి, తమ్ముడు పోయిన దుఃఖంలో ఉన్నాడు.

"బ్రహ్మయ్య కాల్చాడా?"

"అక్కడున్నాడు గదమ్మా."

"కాల్చాడా అని అడుగుతున్నాను."

"ఆడి పేరుంటేనే మావోళ్ళు కోర్టుకొస్తారు. ఊళ్ళో ఆడి తమ్ముళ్ళు మీసాలు దువ్వుకుంటా తిరుగుతుంటే మేవు తలకాయ ఎట్టా ఎత్తుకోవాల? మీకు తెలవనిదేంది, మీరూ ఈ గడ్డ మీద మనిషే గదా."

"ఈ గడ్డ మీద మనిషిని కాబట్టే అడుగుతున్నాను. ఆ ఒక్క పేరు మీ తమ్ముడి కేసును తినేస్తుంది."

"తీసేస్తే మేవు యేరే లాయర్ని సూసుకుంటాం" అని కండువా దులుపుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "కోపం పెట్టుకోబాకమ్మా" అన్నాడు. అదీ మావాళ్ళ పద్ధతి.

కోర్టు బయట బెంచీ

మర్నాడు మరియమ్మ వాంగ్మూలం. ఆమె పొద్దున్నే బస్సు దిగి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుంది. పక్కన క్యారియర్లో పెరుగన్నం. నేను పక్కన కూర్చుని ఆ రోజు జరిగింది చెప్పమన్నాను. చెప్పింది. ఎస్సై ఎలా అరిచాడో, కొడుకు ఎటు తిరిగి ఎలా పడ్డాడో చెప్పింది. అక్కడి నుంచి గొంతు మారింది. బ్రహ్మయ్య కూడా కాల్చాడు అని బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మరియమ్మా, నీ కొడుకు పడిపోయినప్పుడు నీ చేతుల్లో ఏముంది?"

"బిందె. అది పారేసి ఉరికా."

"ఆ తర్వాత?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"టోపీ" అంది చివరికి. "పోలీసు టోపీ."

"ఎవరిది?"

"బ్రహ్మయ్యది. అందరూ ఎనక్కి ఉరుకుతుంటే ఆ అయ్యొక్కడే ముందుకొచ్చాడమ్మా. వంగితే టోపీ కింద పడుద్దని తీసి, పట్టుకో అక్కా అని నా చేతిలో పెట్టాడు. మావోణ్ణి రెండు చేతులా ఎత్తుకుని ఆటోలో యేసుకున్నాడు. నేనూ ఎక్కబోతే ఎవురో పోలీసాయన రెక్క పట్టి లాగేశాడు. ఆటో పోయింది. నేను ఆ టోపీ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డా. సాయంత్రం ఆళ్ళింటి ప్రహరీ మీద పెట్టి వచ్చా" అంది.

"మరి కాల్చాడని ఎందుకు చెప్పావు?"

"పెద్దాయన చెప్పమన్నాడు. ఆళ్ళ చేలోకి కూలికి పోయేదాన్ని. ఆయన తమ్ముడూ పోయాడు, ఆయనకీ కడుపుకోతే గదమ్మా."

నేను అబద్ధం చెప్పించనని, నిజం చెప్పమని ఒత్తిడి కూడా చెయ్యనని అన్నాను. రెండింటికీ ఏమేం జరుగుతుందో మాత్రం చెప్పాను. ఆ పేరు ఉంటే రేపు అవతలివాళ్ళు దాన్ని పట్టుకుని ఎస్సైని కూడా బయటికి లాగుతారు, కొడుకు పేరు ముద్దాయిల్లోనే ఉండిపోతుంది. ఆ పేరు తీసేస్తే ఊళ్ళో ఎవరూ పనికి పిలవకపోవచ్చు, సాక్షులు మానుకోవచ్చు, కేసు అక్కడితోనే పోయినా పోవచ్చు. ఏది చెప్పినా ఆ మనిషికి నష్టమే. లాయరుగా నా జీవితంలో అంత నిస్సహాయంగా ఎప్పుడూ కూర్చోలేదు.

మరియమ్మ క్యారియర్ మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"మావోడు రాయి ఇసిరాడని ఆళ్ళు రాశారు. బ్రహ్మయ్య కాల్చాడని మేవు రాశాం. రెండూ ఒకటే గదమ్మా" అంది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇంతలో లోపల్నుంచి పిలుపు వచ్చింది.

మేజిస్ట్రేటు చిన్న వయసు ఆవిడ, కొత్తగా వచ్చారు. మరియమ్మ బైబిలు మీద ప్రమాణం చేసి మొత్తం చెప్పింది. బ్రహ్మయ్య దగ్గరికొచ్చాక, "ఆ అయ్య కాల్చలేదమ్మా. ఆయన చేతిలో తుపాకీ కూడా లేదు. మావోణ్ణి ఎత్తుకున్నాడు" అంది. వెనక బెంచీలో వీరాంజనేయులు లేచి నిలబడ్డాడు. బంట్రోతు వెళ్ళి కూర్చోబెట్టాడు.

"మరి ఫిర్యాదులో కాల్చాడని ఉందేం?" అన్నారు మేజిస్ట్రేటు.

"మా ఊళ్ళో అట్టాగే రాస్తారమ్మా. పేరు కలుపుతారు. ఈయన పేరు అట్టా కలిపిందే."

హాల్లో లాయర్లందరూ ఘొల్లున నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. కలం పక్కన పెట్టి, "మిగతావాళ్ళ పేర్లు కూడా అలా కలిపినవేనా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు నేను నేర్పలేదు, నేర్పగలిగేదీ కాదు.

"కాదమ్మా" అంది మరియమ్మ. "ఎస్సై నా ముందర నిలబడి కాల్చాడు. ఆయన పేరు మేవు కలపలా, ఆయనే కలుపుకున్నాడు."

ఆవిడ కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత ఇచ్చిన ఉత్తర్వులో బ్రహ్మయ్యను తీసేసి, మిగతావాళ్ళ మీద కేసు విచారణకు తీసుకున్నారు. తనకు అనుకూలమైన అబద్ధాన్ని తానే సరిచేసిన సాక్షి మాటకు విలువ ఎక్కువ అని అందులో రాశారు. ఆ వాక్యం చదివి నేను గదిలో ఒక్కదాన్నే కూర్చుని హాయిగా నవ్వుకున్నాను. రాఘవయ్యగారు అప్పటికి లేరు, ఉంటే ఫైలు విసరకుండా చేతికిచ్చేవారు.

ఊళ్ళో మాత్రం నవ్వేమీ లేదు. వీరాంజనేయులు అన్నట్టు వేరే లాయర్ని చూసుకోలేదు గానీ, వాళ్ళు మరియమ్మను మిరపకాయల కోతకు పిలవడం మానేశారు. ఆమె ఆటోలో పక్కూరి చేలకు పోయి పని చేసుకుంది. నా దగ్గరికి వాయిదాకు వచ్చినప్పుడు అడిగితే, "ఆ ఊరి కాయ ఘాటు తక్కువ, తుమ్ములు రావు, బాగానే ఉందమ్మా" అనేది.

ముద్దాయి కానివాడు

పోలీసుల మీద కేసు నడవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలంటూ అవతలివాళ్ళు హైకోర్టుకు వెళ్ళారు. అక్కడ ఏళ్ళు గడిచాయి. కొత్తవాళ్ళకు ఒక మాట: ఇలాంటి కేసుల్లో వాదన కన్నా ఓపిక పెద్ద పని. కుటుంబం అలసిపోతే కేసు చచ్చిపోతుంది. నేను అప్పుడప్పుడు ఏ పనీ లేకపోయినా వాళ్ళను పిలిచి టీ తాగించి పంపేదాన్ని, కేసు బతికే ఉందని వాళ్ళకు తెలియాలి కదా.

కింది కోర్టులో విచారణ మొదలుపెట్టవచ్చని హైకోర్టు చెప్పిన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం బ్రహ్మయ్య తన భార్యతో కలిసి మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. భార్య కూర్చుంది.

"నేను సాక్ష్యం చెప్తా మేడమ్" అన్నాడు.

ఉద్యోగంలో ఉన్న పోలీసు, పోలీసుల మీద. నేను వెంటనే నమ్మలేదు. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావయ్యా అని గట్టిగానే అడిగాను. అతని బదులు ఆమె అందుకుంది.

"ముందు ముద్దాయిని చేసి కూర్చోబెట్టారు గదమ్మా. అప్పుడు నోరు తెరిస్తే తన్ను తాను కాపాడుకోటానికి చెప్తన్నాడంటారు. పేరు తీసేశాక కూడా భయపడ్డాడు. నేనే తిట్టి తీసుకొచ్చా. ఊరంతా ఒకెత్తు, మరియమ్మ ఒకెత్తు నిలబడి ఈయన్ని బయటేసింది. ఈయన నిలబడకపోతే నేను ఆ బజారులో ఎట్టా నడవాల?"

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ కూడలిలో పోలీసుల వైపు నుంచి నిజం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి నోటికి మావాళ్ళే తాళం వేశారు. శత్రువుకు కూడా అంత హాని చెయ్యడం చేతకాదు. తమ వర్గం గౌరవం అని ఏమిటేమిటో అంటారు గానీ, నా అభిప్రాయం సూటిగా చెబుతాను, అది శుద్ధ తెలివితక్కువతనం.

అతను చెప్పింది చాలా చిన్న విషయం. పోలీసులు చూపించిన రాళ్ళు నాపరాళ్ళ ముక్కలు. కూడలి చుట్టుపక్కల నల్లరేగడి చేలే తప్ప నాపరాయి లేదు. "స్టేషన్ ముందు అరుగు పగలగొట్టి ముక్కలు కుప్ప పోశారు మేడమ్. పొద్దున బందోబస్తుకి వచ్చినప్పుడు ఆ కుప్ప మీదే కాలు పెట్టి బూటు లేసు కట్టుకున్నా. ఏసుబాబును ఆసుపత్రిలో దింపి తిరిగొచ్చేసరికి ఆ ముక్కలు రోడ్డు మీద ఉన్నయ్యి" అన్నాడు.

నరసరావుపేటలో తీర్పు

ఒకే గొడవ మీద రెండువైపులా కేసులుంటే ఒకే జడ్జి వినడం మా పద్ధతి. జనం మీద పోలీసులు పెట్టిన కేసు, పోలీసుల మీద కుటుంబాలు పెట్టిన కేసు రెండూ నరసరావుపేట సెషన్స్ కోర్టులో నడిచాయి. అవతలి వైపు గుంటూరు నుంచి పేరున్న లాయరు వచ్చారు. మరియమ్మను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబెట్టి అడిగారు. ఊరివాళ్ళు చెప్పమన్న అబద్ధం చెప్పడానికి నువ్వు ఒప్పుకున్నావు కదా అని తిప్పి తిప్పి అదే అడిగారు. ఆమె ప్రతిసారీ ఒకే మాట చెప్పింది: "అవును బాబూ. కోర్టులో నేనే తప్పని చెప్పా." గొంతు పెంచలేదు. చివరికి ఆయనకే గొంతు ఎండిపోయి నీళ్ళు తెప్పించుకున్నారు.

బ్రహ్మయ్య వంతు వచ్చిన రోజు వీరాంజనేయులు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఎదుటి వర్గం మనిషి బోనులో నిలబడి, కోటయ్య చేతులు ఖాళీగా ఉన్నాయని, రోడ్డు పక్కకు తప్పుకుంటుండగానే దెబ్బ తగిలిందని చెప్పాడు. చెప్పి వచ్చి కూర్చోబోతే చోటు లేదు. వీరాంజనేయులు పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. ఆ వారం నుంచే మరియమ్మకు మిరప కోతకు కబురు వచ్చిందట. ఆమె వెళ్ళింది. ఘాటెక్కువని నా దగ్గర గొణిగింది కూడా.

తీర్పు రోజు కోర్టు కిక్కిరిసింది. ఎస్సైకి శిక్ష పడింది. కాల్చిన కానిస్టేబుళ్ళు ఆజ్ఞ పాటించారని తక్కువ శిక్షతో సరిపెట్టారు. పై అధికారి మీద ఆధారాలు చాలవని వదిలేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అప్పీళ్ళు నడుస్తున్నాయి, నడవనీ. నేను ఎదురుచూసిన వాక్యం మాత్రం జడ్జిగారు స్పష్టంగా చదివారు. చనిపోయిన ఇద్దరి చేతుల్లోనూ ఏ ఆయుధమూ లేదు, వాళ్ళు ఎవరి మీదా రాళ్ళు వెయ్యలేదు, వాళ్ళ మీద పెట్టిన కేసు అబద్ధం. ఆయన ఇంగ్లీషులో చదివితే నేను పక్కకు వంగి మరియమ్మకు తెలుగులో చెప్పాను.

"మావోడి పేరు పోయిందా?" అంది.

"పోయింది."

"మళ్ళీ రాయరుగా?"

"రాయలేరు మరియమ్మా. అప్పీలులో శిక్షల మీదే గొడవ. ఆ కేసు ముగిసిపోయింది."

ఆమె బెంచీ మీద వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. ఇన్నేళ్ళ కేసులో ఆమె కూర్చున్నప్పుడు వెనక్కి ఆనుకోవడం నేను చూడలేదు. నా భుజాల మీద నుంచి కూడా ఏదో దిగినట్టనిపించింది. కోర్టులో ఏడిచే అలవాటు నాకు లేదు. ఆ రోజు నవ్వాను, కాసేపు ఆపుకోలేకపోయాను. పక్కనున్న జూనియర్ భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

వరండాలోకి వచ్చాం. ఎండ బాగా ఉంది. బ్రహ్మయ్య మెట్ల దగ్గర, భార్య కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. మరియమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడు ఆ అయ్యతో మాట్లాడొచ్చా అమ్మా?"

ఆ ప్రశ్న ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మొదట అతను ముద్దాయి, మాట్లాడకూడదని చెప్పింది పాత లాయరు. పేరు తీసేశాక, మాట్లాడితే కుమ్మక్కయ్యారంటారని, సాక్షి అయ్యాక నేర్పించారంటారని చెప్పింది నేను. పక్కపక్క బజార్లలో ఉంటూ ఇన్నేళ్ళూ ఆమె మా మాట దాటలేదు.

"మాట్లాడు. ఇంక ఎవరూ ఏమీ అనరు" అన్నాను.

ఆమె మెట్లు దిగి అతని ముందు నిలబడింది.

"అయ్యా బ్రహ్మయ్యా. ఆటోలో మావోడు ఏమన్నా అన్నాడా?"

రాళ్ళ గురించి, తుపాకుల గురించి, బూటు లేసు గురించి అతన్ని కోర్టులో రోజంతా అడిగాం. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. అతను ముఖం పక్కకు తిప్పుకుని, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"అన్నాడక్కా. ట్రాక్టరు తాళం జేబులో ఉంది, తీసి ఓనరికియ్యి, పొద్దున్నే దున్నకం ఉందన్నాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చా."

"వాడంతే" అంది మరియమ్మ. చిన్నగా నవ్వింది. "నొప్పన్నాడా?"

"లేదక్కా. కాళ్ళు తిమ్మిరెక్కినయ్యన్నాడు. తల నా ఒళ్ళోనే పెట్టుకున్నా. దాహం అన్నాడు."

"నీళ్ళున్నాయా ఆటోలో?"

"ఆటో అతని దగ్గర సీసా ఉంటే నేనే తాపా. ఆత్రంగా తాగాడక్కా. సాలు బాబాయ్ అన్నాడు."

మరియమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల్లో తన తల ఆనించింది. తర్వాత తలెత్తి కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అమ్మయ్య. నీళ్ళు తాగాడంట లాయరమ్మా" అంది.